తోడిపెళ్లికూతురి బాధ్యతల మధ్య నా తోడును వెతుక్కోవడం ఎలా?

ప్రశ్న: నీలాంబరి

నాకు ముప్పై దాటింది, ఇంకా పెళ్లి కాలేదు. పెళ్లి వద్దనుకున్నదాన్ని కాను. నన్ను అర్థం చేసుకునే మనిషి దొరికితే అతనితో జీవితం పంచుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, అందుకోసం కొన్నేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఇదే కాలంలో నా స్నేహితురాళ్లు, బంధువుల్లో నా ఈడు అమ్మాయిలు ఒక్కొక్కరుగా పెళ్లి చేసుకుంటూ, ప్రతిసారీ తోడిపెళ్లికూతురిగా నన్నే ఉండమని అడుగుతూ వచ్చారు. మొదట్లో అది గౌరవంగా అనిపించేది, ఇప్పటికీ అది గౌరవమే. అయితే ఒక పెళ్లి ముగిసి నేను కాస్త ఊపిరి తీసుకునేలోపే మరో పెళ్లి కబురు వస్తుంటే, ఆ కబురు వినగానే కలిగే సంతోషం వెనకాలే ఒక దిగులు కూడా వచ్చి కూర్చుంటోంది.

ఈ బాధ్యత ఒక్క రోజుతో పోయేదని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి పెళ్లి ఖాయమైన రోజు నుంచే అది మొదలవుతుంది. బట్టల ఎంపికకు వెంట వెళ్లాలి. అందరం ఒకే రంగులో కనిపించాలని పెళ్లికూతురు కోరుకుంటే, ఆ దుస్తులు మళ్లీ ఎప్పుడూ వేసుకోనని తెలిసినా కొనుక్కోవాలి. సెలవులు పెట్టాలి, ప్రయాణాలు చేయాలి, మిగతా స్నేహితుల దగ్గర డబ్బు పోగుచేసి కానుక కొనాలి. కాబోయే అత్తగారి మాటకు మనసు నొచ్చుకున్న పెళ్లికూతురు రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేస్తే, ఆమె తేరుకునేదాకా వినాలి. పెళ్లి రోజున ఆమె ఫోను, మందులు, పిన్నులు, దారపు ఉండ అన్నీ నా చేతిసంచిలోనే ఉంటాయి. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏది ఎప్పుడు జరగాలో అంతా నేనే గుర్తుపెట్టుకోవాలి. ఇవన్నీ ఇష్టంగానే చేశాను, ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

అన్నిటికంటే కష్టమైనది మరొకటి ఉంది. ఆ జంట ఎలా కలుసుకున్నారో, ఎలా దగ్గరయ్యారో నలుగురి ముందు చెప్పమని నన్నే అడుగుతారు, ఎందుకంటే ఆ కథ మొదటి నుంచీ తెలిసినదాన్ని నేనే. ఆ నాలుగు మాటలూ నేను ఎంతో ప్రేమతో రాసుకుంటాను. చెప్పి కూర్చున్న తరువాత మాత్రం, ఇంత దగ్గరగా చూసిన ప్రేమ నా దాకా ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆ రాత్రంతా నన్ను వదలదు. అదే సమయంలో ఎవరో ఒకరు వచ్చి “తరువాత నీదే కదా” అంటారు. వాళ్లు మంచి మనసుతోనే అంటారని తెలుసు, అయినా ఆ మాట విన్నాక అక్కడ నిలబడటం కష్టమవుతుంది.

గత ఏడాది ఒక డేటింగ్ యాప్ ద్వారా పరిచయమైన వ్యక్తితో మాటలు ఆశ కలిగించేలా సాగాయి. అయితే అప్పుడు వరుసగా వచ్చిన సెలవు రోజులన్నీ ఒక స్నేహితురాలి పెళ్లి పనులకే పోయాయి. మేము కలుసుకోవడం వాయిదా పడుతూ వచ్చి, చివరికి ఆ పరిచయం మెల్లగా ఆగిపోయింది. ఇందులో ఆయన తప్పు గానీ స్నేహితురాలి తప్పు గానీ ఏమీ లేదు. ఇప్పుడు నాకు అందరికంటే దగ్గరైన స్నేహితురాలు తన పెళ్లికి తోడిపెళ్లికూతురిగా ఉండమని అడిగింది. ఒప్పుకుంటే మరో అరసంవత్సరం ఇలాగే గడిచిపోతుంది. కాదంటే ఆమె మనసు కష్టపడుతుంది, నా మనసూ కష్టపడుతుంది. ఇలాంటి స్థితిలో ఉన్నవారు ఏం చేశారో, సంతోషమూ బాధా ఒకేసారి కలగడాన్ని ఎలా తట్టుకున్నారో చెప్పగలరా?

జవాబు: మధూళిక

నీలాంబరి గారూ, ముందుగా మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే నన్ను చాలాకాలం బాధపెట్టినది అదే. స్నేహితురాలి పెళ్లిలో దుఃఖం కలిగితే మనలో అసూయ ఉన్నట్టేనని, అసూయ ఉంటే మన స్నేహం నిజమైనది కాదని మనల్ని మనమే నిందించుకుంటాం. ఈ నింద అన్యాయమైనది. అబ్రహాం టెసర్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో దీని గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనకు దగ్గరివారికి మంచి జరిగినప్పుడు రెండు రకాల ప్రభావాలు కలుగుతాయని ఆయన అన్నారు. ఆ మంచి మనం పెద్దగా పట్టించుకోని విషయంలో జరిగితే వారి ఆనందంలో మనకూ భాగం దక్కుతుంది. అదే మంచి మనం మన కోసం కూడా గాఢంగా కోరుకుంటున్న విషయంలో జరిగితే, పోలిక మొదలై మనసు నొచ్చుకుంటుంది. ఆ మనిషి ఎంత దగ్గరైతే ఈ రెండు ప్రభావాలూ అంత బలంగా ఉంటాయి.

అంటే ఎవరో తెలియనివారి పెళ్లికి వెళ్లినప్పుడు కలగని బాధ ప్రాణస్నేహితురాలి పెళ్లిలో కలుగుతోందంటే, దానికి కారణం మీ స్నేహంలో లోపం కాదు, ఆ స్నేహంలోని సాన్నిహిత్యమే. ప్రేమ మీకు ముఖ్యమైన విషయం, స్నేహితురాలు కూడా మీకు ముఖ్యమైన మనిషి. ఈ రెండూ ఒకేచోట కలిసిన రోజున సంతోషమూ బాధా ఒకేసారి రావడంలో వింత లేదు. ఇది తెలిసిన తరువాత నేను పెళ్లిళ్లలో నా దుఃఖాన్ని దాచుకోవడానికి పడే శ్రమ చాలా తగ్గింది. ఏ ముఖ్య ఘట్టమైనా ముగియగానే పది నిమిషాలు ఒంటరిగా బయటకు వెళ్లి వస్తానని ముందుగానే ఒకరికి చెప్పి ఉంచేదాన్ని. ఏడుపు వస్తే ఏడ్చేదాన్ని, రాకపోతే గాలి పీల్చుకుని తిరిగి వచ్చేదాన్ని. ఇది చిన్న ఏర్పాటే అయినా నాకు ఎంతో ఉపయోగపడింది.

జవాబు: రాఘవ

నీలాంబరి గారికి నమస్కారం. పెళ్లి ఏర్పాట్లు చూడటం నా వృత్తి. మనసుకు సంబంధించిన విషయాలు నాకంటే మధూళిక గారు బాగా చెప్పారు కాబట్టి, నేను పని గురించి మాత్రమే మాట్లాడతాను.

మీరు రాసిన జాబితా చదివితే అది ఒక మనిషి చేయవలసిన పని కాదని నాకు వెంటనే అర్థమైంది. బట్టలు, అలంకరణ చూసుకోవడం ఒక పని. కార్యక్రమాలు సమయానికి జరిగేలా చూడటం మరో పని, దానికి అందరితో గట్టిగా మాట్లాడగలిగే మనిషి కావాలి. కానుకల డబ్బు పోగుచేయడం ఇంట్లో కూర్చుని ఎవరైనా చేయగలరు. పెళ్లికూతురి మనసు కుదుటపరచడం మాత్రం మీలాంటి ప్రాణస్నేహితురాలే చేయగలరు. 1840లో విక్టోరియా రాణి పెళ్లిలో ఆమె దుస్తుల వెనక కొంగును మోయడానికే పన్నెండు మంది తోడిపెళ్లికూతుళ్లు ఉన్నారు. రాజకుటుంబాల సంగతి వేరే అయినా, ఆ పాత్ర పుట్టింది నలుగురూ పంచుకోవడానికే గానీ ఒక్కరి మీద మోపడానికి కాదని చెప్పడానికే ఈ ఉదాహరణ ఇచ్చాను. నేను చూసినంతవరకు, ఒకసారి బాధ్యతగా చేసిన అమ్మాయిని ఆ తరువాత ఆ స్నేహబృందంలో జరిగే ప్రతి పెళ్లికీ పిలుస్తారు. పెళ్లయిన స్నేహితురాళ్లకు సంసారం ఉంటుందని వారిని అడగడానికి మొహమాటపడతారు. పెళ్లి కాని మనిషికి సమయం ఉంటుందని ఎవరికి వారే అనుకుంటారు. మీ సెలవు రోజులకు కూడా ఒక లక్ష్యం ఉందని మీరు చెప్పనిదే వారికి తెలిసే అవకాశం లేదు.

కాబట్టి పెళ్లికి రానని కాక, ఆ పదవి మొత్తం తీసుకోలేనని చెప్పండి. ఒక్క పనిని ఎంచుకుని, ఎప్పటి నుంచి ఎప్పటివరకు చేస్తారో చెప్పండి. మిగతా పనులకు ఎవరెవరు సరిపోతారో కూడా మీరే సూచిస్తే పెళ్లికూతురు మీద భారం పడదు.

మరో విషయం. పెళ్లిళ్లలో కొత్త పరిచయాలు ఏర్పడతాయని అందరూ అంటారు, అది నిజమే. అయితే అవి ఏర్పడేది తీరికగా కూర్చున్న అతిథుల మధ్య. తోడిపెళ్లికూతురు రోజంతా నిలబడి, పరుగెత్తి, పెళ్లికూతురి పక్కనుంచి కదలకుండా ఉంటుంది. ఆమెతో పట్టుమని పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఎవరికీ దొరకదు. ముఖ్య కార్యక్రమం ముగిసిన వెంటనే మీ బాధ్యత ముగిసేలా ముందే మాట్లాడుకుంటే, ఆ సాయంత్రం మీరూ ఒక అతిథిగా కూర్చోగలుగుతారు.

జవాబు: అరుంధతి

అమ్మా నీలాంబరీ, వయసులో నీకంటే చాలా పెద్దదాన్ని కాబట్టి చనువుగా రాస్తున్నాను. రాఘవ గారు చెప్పిన పని విభజన బాగుంది. అయితే దీన్ని చదివి నువ్వు స్నేహితురాలి నుంచి మరీ దూరం జరుగుతావేమోనని నాకు భయంగా ఉంది, అందుకే కాస్త భిన్నమైన మాట చెబుతున్నాను.

ప్రేమబంధం ఏర్పడినప్పుడు స్నేహాలు ఎలాగూ కొంత పలచబడతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా ఉన్న రాబిన్ డన్బార్ 2010లో తన బృందం పరిశీలనను వెల్లడిస్తూ, కొత్తగా ప్రేమలో పడిన మనిషికి అత్యంత సన్నిహితంగా ఉండేవారిలో సగటున ఇద్దరు ఆ దగ్గరితనం కోల్పోతారని చెప్పారు. ఎవరూ కావాలని దూరం చేయరు, ఉన్న సమయమే పరిమితం కాబట్టి అలా జరుగుతుంది. నీ బాధలో సగం ఇదేనని నాకు అనిపిస్తోంది. ప్రతి పెళ్లిలోనూ నీకు ప్రేమ దొరకలేదన్న బాధతో పాటు, రోజూ మాట్లాడే స్నేహితురాలు ఇకపై వారానికోసారి కూడా దొరకదన్న బాధ కూడా ఉంటుంది. ఆ రెండో బాధ గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు, బహుశా పెళ్లి సందడిలో దాన్ని చెప్పుకోవడానికి చోటు ఉండదు. అందుకే పెళ్లికి ముందే ఆమెతో కూర్చుని, పెళ్లయ్యాక మీ ఇద్దరికీ మిగిలే సమయం ఏమిటో మాట్లాడుకో. నెలకు ఒక సాయంత్రమైనా సరే, ఖాయం చేసుకో. పెళ్లి పనుల కోసం నువ్వు ఇచ్చే గంటల కంటే ఈ మాట విలువైనది.

ఇక “తరువాత నీదే” అనే మాట గురించి. తోడిపెళ్లికూతురిగా మూడుసార్లు నిలబడిన అమ్మాయికి పెళ్లి కాదన్న నమ్మకం ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో పూర్వం నుంచీ ఉంది. ఆ భయాన్ని వ్యాపారం ఎలా వాడుకుందో కూడా మనకు తెలుసు. 1920లలో అమెరికాలో లిస్టరిన్ అనే నోరు పుక్కిలించే మందు ప్రకటనలలో, ఎప్పుడూ తోడిపెళ్లికూతురే గానీ పెళ్లికూతురు కాలేకపోతున్న, ముప్పైకి చేరువైన అమ్మాయిని చూపించి, ఆమె నోటి దుర్వాసనే అందుకు కారణమని సూచించారు. సీసాలు అమ్ముకోవడానికి కొన్ని వేలమంది అమ్మాయిల మనసులో లోపమేదో తమలోనే ఉందన్న అనుమానం నాటారు. వందేళ్లు గడిచినా ఆ అనుమానం పోలేదు, నీ ప్రశ్నలోనూ అది వినిపించింది. అంత దగ్గరగా చూసిన ప్రేమ నా దాకా ఎందుకు రాలేదని అడిగావు. తోడు దొరకడం, దొరకకపోవడం ఎవరు ఎప్పుడు ఎదురుపడ్డారు, అప్పుడు నీ దగ్గర ఎంత సమయం ఉంది అన్న వాటి మీద చాలావరకు ఆధారపడుతుంది. నువ్వు చెప్పిన ఆ ఆగిపోయిన పరిచయమే అందుకు సాక్ష్యం. దాన్ని నీ లోపంగా లెక్కవేసుకోకు తల్లీ.

ఎవరైనా ఆ మాట అంటే, “అవునండీ, నేనూ కోరుకుంటున్నాను, మీ ఎరుకలో మంచి మనిషి ఉంటే చెప్పండి” అని నేరుగా, మర్యాదగా చెప్పు. పదిమందిలో ఒకరైనా నిజంగా ఆలోచిస్తారు. మిగతావారు ఆ మాట మళ్లీ అనరు.

జవాబు: సుధీర

అరుంధతి గారి చివరి మాటకు నా అనుభవం జోడిస్తాను. నేను పెళ్లికూతురి వైపు నుంచి రాస్తున్నాను. నా పెళ్లికి నేను అడిగిన స్నేహితురాలు, ఈసారి ఆ బాధ్యత తీసుకోలేనని, తనకోసం తాను కొంత సమయం ఉంచుకోవాలనుకుంటున్నానని ముందుగానే చెప్పింది. విన్నప్పుడు నాకు బాధ కలిగిందని దాచను. కొన్ని రోజులు మా మధ్య మాటలు కూడా తగ్గాయి. కానీ ఆమె మొదట్లోనే చెప్పడం వల్ల నేను వేరే ఏర్పాటు చేసుకోగలిగాను, ఆమె పెళ్లికి వచ్చి ప్రశాంతంగా నా ఎదురుగా కూర్చుంది. ఇతరుల పెళ్లిళ్లలో ఎప్పుడూ అలసిపోయి కనిపించే ఆమె ముఖం ఆ రోజు ఎంత తేటగా ఉందో నాకు ఇంకా గుర్తుంది. తను తోడు కోసం వెతుకుతోందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన తరువాత నేను, నా భర్త ఆలోచించి తెలిసినవారిని పరిచయం చేశాము. మొదటి పరిచయం కుదరలేదు, ఆ తరువాతిదీ కుదరలేదు. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది. అయినా ఇప్పుడు ఆ వెతుకులాటలో ఆమె ఒంటరి కాదు, ఏ పరిచయం గురించైనా ముందుగా నాతోనే మాట్లాడుతుంది.

నేను గమనించినది ఒకటి చెప్పాలి. యాప్‌లు వచ్చాక స్నేహితులు ఒకరినొకరు పరిచయం చేయడం తగ్గించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ రోజెన్‌ఫెల్డ్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 1995లో కలుసుకున్న స్త్రీపురుష జంటలలో 33 శాతం స్నేహితుల ద్వారా కలుసుకోగా, 2017 నాటికి అది 20 శాతానికి తగ్గింది. ఆన్‌లైన్‌లో కలుసుకున్నవారు ఆ ఏడాది 39 శాతం. యాప్ ఉంది కదా, తనే చూసుకుంటుందిలే అని మనం అనుకుంటాము. కానీ 2017లో కూడా ఐదు జంటలలో ఒకటి స్నేహితుల ద్వారానే కలిసిందంటే ఆ దారి మూసుకుపోలేదు. ఇన్ని పెళ్లిళ్లలో నిలబడిన మీకు ఎన్ని జంటలు రుణపడి ఉన్నాయో ఆలోచించండి. వారిలో ప్రతి ఒక్కరికీ మీ స్వభావం తెలుసు, వారి భర్తలకు స్నేహితులు ఉంటారు. అడగండి నీలాంబరి గారూ, నిస్సంకోచంగా అడగండి.

నీలాంబరి:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అరుంధతి గారూ, స్నేహితురాలు దూరమవుతుందన్న బాధ గురించి మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. అది నిజం. ఆమె పెళ్లి తరువాత వేరే ఊరికి వెళ్లిపోతుంది. నేను దాని గురించి ఆలోచించకుండా ఉండటానికే పెళ్లి పనుల గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నానేమో.

రాఘవ గారు చెప్పినట్టు ఒక్క పని ఎంచుకున్నాను. ఆమెకు పంపడానికి ఇలా రాసుకున్నాను, ఇంకా పంపలేదు:

“నీ పెళ్లి నాకు ఎంత ముఖ్యమో నీకు తెలుసు. ఈసారి తోడిపెళ్లికూతురి బాధ్యత మొత్తం తీసుకోలేను, నన్ను క్షమించు. పెళ్లి ముందు రోజు సాయంత్రం నుంచి కార్యక్రమం ముగిసేదాకా నీ పక్కనే ఉంటాను, అది మాత్రం ఇంకెవరికీ ఇవ్వను. మిగతా పనులు మన స్నేహితురాళ్లు పంచుకునేలా నేను మాట్లాడతాను. నా కోసం ఒక తోడును వెతుక్కోవడానికి నాకు ఈ సెలవు రోజులు కావాలి. నన్ను తప్పుగా అనుకోవద్దు, క్షమించు. మీ ఇద్దరికీ తెలిసినవారిలో ఎవరైనా ఉంటే నాకు పరిచయం చేస్తావా?”

ఇందులో ఏమైనా మార్చాలా?

జవాబు: రాఘవ

చాలా బాగా రాశారు. మూడు మార్పులు సూచిస్తాను. క్షమించమని రెండుసార్లు రాశారు, రెండూ తీసేయండి. మీరు తప్పు చేయడం లేదు, పైగా ఆ మాట చూస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చడంలో పడిపోయి అసలు విషయం పక్కకు పోతుంది. రెండోది, చివరి వాక్యాన్ని ఇక్కడి నుంచి తొలగించి కొన్ని వారాల తరువాత విడిగా అడగండి. ఈ రెండూ ఒకే సందేశంలో ఉంటే, బాధ్యత తగ్గించుకుని బదులుగా ఏదో కోరుతున్నట్టు కనిపించవచ్చు. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. మూడోది, దీన్ని సందేశంగా పంపకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆమె దుస్తులు ఖాయం చేయకముందే, మిగతావారికి మీ పేరు ప్రకటించకముందే చెప్పండి. ఆ తరువాత చెబితే ఎంత మృదువుగా చెప్పినా మాట తప్పినట్టే అవుతుంది.

నీలాంబరి:

ఈ వారాంతంలో ఆమె మా ఇంటికి వస్తోంది, అప్పుడే చెబుతాను. అరుంధతి గారు అన్న నెలకో సాయంత్రం గురించి ముందు మాట్లాడి, ఆ తరువాత పని విషయం చెప్పాలనుకుంటున్నాను. పరిచయాల సంగతి సుధీర గారు చెప్పినట్టు ఇదివరకే పెళ్లయిన స్నేహితురాళ్లను అడగడంతో మొదలుపెడుతున్నాను. ఒకరికి ఈ ఉదయమే ఫోన్ చేశాను. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు” అని అడిగి, ఆలోచించి సాయంత్రం మాట్లాడతానంది.